ఓఎల్‌ఈడీ పదార్థానికి పేటెంట్ దరఖాస్తు: మనవాళ్ల ఫైళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయి

అనంతపురం, కడప, కర్నూలు వైపు ల్యాబుల్లో ఓఎల్‌ఈడీ (ఫోన్, టీవీ తెరల్లో కరెంటిస్తే తనంతట వెలిగే సేంద్రియ పదార్థం) అణువుల మీద పనిచేసే స్కాలర్లకు, వాళ్ల గైడ్లకు ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. “సార్, మీ కాంపౌండ్‌కు నెలలోపు పేటెంట్ వచ్చేలా చూస్తాం, అయిదారుగురి పేర్లు వేసుకోవచ్చు, ప్రమోషన్‌కు పాయింట్లు కలుస్తాయి, చెన్నై పని మొత్తం మేమే చూసుకుంటాం.” డబ్బు కట్టినవాళ్లకు నిజంగానే త్వరగా ఒక కాగితం చేతికొస్తుంది, దాని మీద పేటెంట్ ఆఫీస్ జర్నల్ అని ఉంటుంది, ఫోటో తీసి డిపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతారు, అందరూ కంగ్రాట్స్ చెబుతారు. రెండు మూడేళ్ల తర్వాత చూసుకుంటే ఆ దరఖాస్తు చచ్చిపోయి ఉంటుంది, అందులోని అణువు మాత్రం ఎవరైనా చదివి వాడుకునేలా బయటపడిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి కాలమ్ దగ్గర నిలబడి శుద్ధి చేసుకున్న పదార్థం ఇలా చేజారిపోతుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందు ఆ కాగితం సంగతి. అది ప్రచురణ, అంతే. ఏ దరఖాస్తునైనా 18 నెలల తర్వాత పేటెంట్ ఆఫీసు ఎలాగూ జర్నల్లో వేస్తుంది. అంతకన్నా ముందే వేయమని అడగాలంటే ఫారం 9 పెట్టాలి, విడి వ్యక్తికి దాని ఫీజు 2,500 రూపాయలు. జర్నల్లో వేసేటప్పుడు మీ అణువు కొత్తదా పాతదా అని ఎవరూ చూడరు. చూడడం మొదలయ్యేది ఫారం 18 పెట్టాకే, దాన్నే ఎగ్జామినేషన్ రిక్వెస్ట్ అంటారు. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు ఈ ఫారం గడువు ప్రయారిటీ తేదీ (మొట్టమొదటి దరఖాస్తు వేసిన రోజు) నుంచి 31 నెలలు. అంతకుముందు 48 ఉండేది, పాత లెక్క గుర్తుపెట్టుకుని తీరిగ్గా కూర్చునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. గడువు దాటితే దరఖాస్తును మీరే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. ఆ ప్యాకేజీలో ఫారం 18 ఉందో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

ఇప్పటికే కట్టినవాళ్లు కంగారుపడకండి, ఎవరినీ బతిమాలకుండా మీరే చూసుకోవచ్చు. దరఖాస్తు నంబరులో 12 అంకెలు ఉంటాయి. మొదటి నాలుగు సంవత్సరం, అయిదోది ఆఫీసు, చెన్నై అయితే 4. ఆరోది దరఖాస్తు రకం, మామూలుదైతే 1. మిగతా ఆరు వరుస సంఖ్య. అంటే మనవాళ్లవి ఎక్కువగా 202441 అనో 202541 అనో మొదలవుతాయి. ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో అప్లికేషన్ స్టేటస్ పేజీ తెరిచి ఆ నంబరు కొట్టండి. ప్రచురణ తేదీ ఉండి, ఎగ్జామినేషన్ రిక్వెస్ట్ తేదీ దగ్గర ఖాళీగా ఉంటే ఫారం 18 పడలేదని అర్థం. 31 నెలలు దాటకపోతే ఇప్పుడైనా పెట్టుకోవచ్చు. ఆ పేజీలోనే దరఖాస్తుదారు ఈమెయిల్ కూడా కనిపిస్తుంది, అది మీదా, బ్రోకర్‌దా చూసుకోండి. ఆఫీసు ఉత్తరాలన్నీ దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కే వెళ్తాయి. అక్కడ ఆయన ఈమెయిల్ ఉంటే రేపు ఆఫీసు నుంచి అభ్యంతరాల రిపోర్టు వచ్చినా ఆయన చెబితే తప్ప మీకు తెలీదు. డిజైన్ రిజిస్ట్రేషన్ కాగితం చూపించి ఇదే పేటెంట్ అని నమ్మించేవాళ్లూ ఉన్నారు. డిజైన్ అనేది వస్తువు ఆకారానికి, రూపానికి ఇచ్చేది. అణువుకు దాంతో ఏ సంబంధమూ లేదు.

చకచకా అయిపోయే పనులు

ఆంధ్రప్రదేశ్ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది, ఆఫీసు గిండీలో ఉంది, కానీ మీరు కడప స్టేషన్‌లో రైలెక్కాల్సిన పని లేదు. క్లాస్ 3 డిజిటల్ సంతకం తీసుకుని ఆన్‌లైన్‌లో వేయొచ్చు, ఫీజూ అక్కడే కట్టొచ్చు. ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరణ), ఫారం 3 విదేశీ దరఖాస్తుల వివరం (ఏమీ వేయకపోయినా పెట్టాలి), ఫారం 5 ఎవరు కనిపెట్టారన్న డిక్లరేషన్. విడి వ్యక్తికి దరఖాస్తు ఫీజు 1,600, ఫారం 18కి 4,000. యూనివర్సిటీ పేరు మీద వేసినా 2021 నుంచి ఇదే రేటు, దానికి ఫారం 28 జత చేయాలి. స్పెసిఫికేషన్ 30 పేజీలు దాటితే పేజీకి 160, క్లెయిములు (దేని మీద హక్కు అడుగుతున్నారో చెప్పే వాక్యాలు) 10 దాటితే ఒక్కోదానికి 320 అదనం. అణువుల బొమ్మలు గీసుకుంటూ పోతే 30 పేజీలు ఇట్టే దాటిపోతాయి. ఆ 160 మిగుల్చుకోవడానికి మాత్రం ఒక్క డేటా పట్టిక కూడా తీసేయొద్దు, ఎందుకో కింద చెబుతాను.

ఏజెంట్ లేకుండా మీ అంతట మీరే దరఖాస్తు వేసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. రాత విషయంలో సాయం కావాలనుకుంటే రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంట్ దగ్గరికే వెళ్లండి. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాసి పాసైనవాళ్ల జాబితా అదే వెబ్‌సైట్‌లో ఉంటుంది, పేరు అందులో లేకపోతే ఎంత మాటకారి అయినా సరే ఆయనకు ఆ హక్కు లేదు. యూనివర్సిటీ దరఖాస్తుదారుగా ఉంటే, కనిపెట్టినవాళ్లు హక్కు రాసిచ్చినట్టు కాగితం దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోపు ఇవ్వాలి. దరఖాస్తుదారు ఎవరైనా కనిపెట్టినవాళ్లుగా స్కాలర్ పేరు ఉండి తీరాలి. ఇది అడగడానికి మొహమాటపడొద్దమ్మా, గైడు అంటే భయం ఉన్నా సరే. పని చేయని అయిదుగురి పేర్లు ఎక్కించి సంతకం చేయడం అబద్ధపు డిక్లరేషనే అవుతుంది, అది ఎవరి ప్రమోషన్ కోసమైనా.

కొరియాలోనో జపాన్‌లోనో ఉన్న సీనియర్‌తో కలిసి చేసిన పనైతే ఒక్కమాట. ఇక్కడుండే మనిషి ముందు విదేశంలో దరఖాస్తు వేయాలంటే ఫారం 25తో అనుమతి తీసుకోవాలి, లేదంటే ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి.

పేపర్ ముందా, పేటెంట్ ముందా

పేటెంటే ముందు. జర్నల్ పేపర్, కాన్ఫరెన్స్ పోస్టర్, అబ్‌స్ట్రాక్ట్ పుస్తకం, శోధగంగలో ఎక్కించిన థీసిస్, ఏదైనా సరే దరఖాస్తు తేదీకి ముందు బయటికొస్తే మీ అణువుకు మీరే ప్రయర్ ఆర్ట్ (ముందే బయట ఉన్న సమాచారం) అవుతారు. పన్నెండు నెలల మినహాయింపు ఉందంటారు కదా అని చాలామంది అడుగుతారు. ఉంది, కానీ అది పేటెంట్ చట్టం సెక్షన్ 31లో చెప్పిన కొన్ని సందర్భాలకే, మామూలు జర్నల్ పేపర్‌ను అది కాపాడుతుందని నమ్ముకోవద్దు.

పేపర్ తొందరలో ఉన్నవాళ్లు ప్రొవిజనల్ (తేదీ దక్కించుకోవడానికి ముందుగా వేసే దరఖాస్తు) వేస్తారు, మంచిదే. వేసిన 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ ఇవ్వాలి. ఇక్కడొక గుంత ఉంది. ప్రొవిజనల్‌లో రెండు అణువులు రాస్తారు, మూడో నెలలో ఎనిమిది అణువులతో పేపర్ వేసేస్తారు, పదకొండో నెలలో ఆ ఎనిమిదీ కంప్లీట్‌లో పెడతారు. ప్రొవిజనల్‌లో ఉన్న రెండింటికే పాత తేదీ దక్కుతుంది. మిగతా ఆరింటికి కంప్లీట్ వేసిన తేదీయే లెక్క, ఆ తేదీకి మీ పేపర్ అప్పటికే బయట ఉంది. ఆ ఆరూ పోయినట్టే. ప్రొవిజనల్ అంటే అబ్‌స్ట్రాక్ట్‌లా ఒక పేజీ రాసి పడేసేది కాదు, ఆ రోజుకు మీ నోట్‌బుక్‌లో ఉన్న ప్రతి అణువూ, ప్రతి కొలతా అందులోకి ఎక్కించండి.

ఫారం 2లో ఆ ఒక్క పట్టిక

అసలు చోటు ఇది. మిగతా ఫారాల్లో తప్పు దొర్లితే దిద్దుకునే దారి ఏదో ఒకటి దొరుకుతుంది. స్పెసిఫికేషన్‌లో రాయనిదాన్ని తర్వాత చేర్చే దారి లేదు. సెక్షన్ 59 ప్రకారం తప్పు దిద్దుకోవచ్చు, వివరణ ఇవ్వొచ్చు, పరిధి తగ్గించుకోవచ్చు, కానీ వేసిన రోజు కాగితంలో లేని కొత్త విషయం లోపలికి రానివ్వరు.

మన వైపు నుంచి వెళ్లే స్పెసిఫికేషన్లు చాలావరకు థీసిస్ చాప్టర్ తెచ్చి అతికించినట్టు ఉంటాయి. సింథసిస్ వివరంగా ఉంటుంది, ఎన్ఎంఆర్ పీకులు ఉంటాయి, మాస్ ఉంటుంది, టీజీఏలో ఎన్ని డిగ్రీల దగ్గర బరువు తగ్గడం మొదలైందో ఉంటుంది, సైక్లిక్ వోల్టామెట్రీ నుంచి లెక్కగట్టిన హోమో, లూమో విలువలు ఉంటాయి, యూవీ దీపం కింద ద్రావణం నీలంగా వెలుగుతున్న ఫోటో కూడా ఉంటుంది. ఇవన్నీ అవసరమే, ఇవి అణువు ఏమిటో చెబుతాయి. దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ అడిగే ప్రశ్న వేరు. ఇంతకుముందే ఉన్న దగ్గరి అణువు కంటే ఇది ఏ విషయంలో మెరుగు, ఆ మెరుగు ఈ రంగం తెలిసినవాళ్లకు ముందే తట్టేది కాదని ఎలా నమ్మాలి?

ఆ ‘ఇంతకుముందే ఉన్నవి’ చాలా ఎక్కువ. 1987లో కోడాక్‌లో టాంగ్, వాన్ స్లైక్ అల్యూమినియం క్వినోలిన్ సంయోగంతో రెండు పొరల డివైస్ (కరెంటిస్తే వెలిగే పరికరం) చేసి చూపించారు. 1990ల చివర్లో ప్లాటినం, ఇరిడియం సంయోగాలు వచ్చి ట్రిప్లెట్లను (మామూలుగా వెలుగు ఇవ్వని ఉత్తేజిత స్థితులను) కూడా వెలుగుగా మార్చాయి, అప్పటిదాకా మామూలు ఫ్లోరసెంట్ పదార్థంతో లోపలి క్వాంటమ్ సామర్థ్యం 25 శాతం దగ్గరే ఆగేది. 2012లో జపాన్‌లోని క్యూషు యూనివర్సిటీలో అడాచి బృందం బరువైన లోహం లేకుండానే ఆ పని చేసే కార్బజోల్ అణువును ప్రచురించింది, మన స్కాలర్లలో చాలామంది చేస్తున్నవి దాని కుటుంబంలోవే. ఈ దారి పొడవునా కంపెనీలు పేటెంట్లు వేసుకుంటూ వచ్చాయి, అవీ ఒక్కో అణువుకు కాదు, మధ్యలో ఒక చట్రం గీసి చుట్టూ ఆర్1, ఆర్2 అని పెట్టి, ఒక్క క్లెయిములో వేల లక్షల అణువులు ఇమిడేలా. మీది కూడా అందులో ఒక మూల ఉండొచ్చు. వేయకముందే వెతుక్కోండి. డబ్ల్యూఐపీఓ (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వారి పేటెంట్‌స్కోప్‌లో ఉచితంగా లాగిన్ అయితే అణువు నిర్మాణంతో కూడా వెతకొచ్చు, గూగుల్ పేటెంట్స్‌లో సీ09కే 11/06 (సేంద్రియ కాంతి పదార్థాలు), హెచ్10కే (సేంద్రియ ఎలక్ట్రానిక్ డివైస్‌లు) అన్న వర్గాల కింద చూడొచ్చు. ఎగ్జామినర్ వెతికేదీ ఆ వర్గాల్లోనే.

దానికి తోడు సెక్షన్ 3(డి). అది మందుల కంపెనీలకే అనుకుంటారు, కాదు. తెలిసిన పదార్థానికి ఐసోమర్, కాంప్లెక్స్, మరో డెరివేటివ్ లాంటివి చేస్తే, పనితనంలో చెప్పుకోదగ్గ తేడా చూపిస్తే తప్ప అదే పదార్థం కింద లెక్కేస్తారు. 2013లో నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు పనితనం అంటే ఆ వస్తువు ఏ పని కోసమో దాన్నిబట్టి చూడాలని చెప్పింది, మందుకైతే రోగం తగ్గించడం. డిస్‌ప్లే పదార్థం పని వెలగడం, వెలుగుతూ నిలబడడం. కాబట్టి మీరు చూపించాల్సింది ఆ వెలుగు లెక్కలే.

ఎలా చూపించాలో ఒక ఉదాహరణ. ట్రయజీన్‌కు ఫినైల్ వంతెన మీదుగా కార్బజోల్ తగిలించిన అణువు ఇప్పటికే ఉంది, మీరు ఆ ఫినైల్ మీద ఆర్థో స్థానంలో ఒక మిథైల్ పెట్టారు అనుకుందాం. మిథైల్ అడ్డుపడి అణువు మెలిక తిరిగింది, సింగ్లెట్‌కూ (తేలిగ్గా వెలుగిచ్చే స్థితి) ట్రిప్లెట్‌కూ మధ్య శక్తి తేడా తగ్గింది, డివైస్ మెరుగైంది, ఇదీ మీ వాదన. అప్పుడు పోలిక దేనితో పెట్టాలి? ఆ మిథైల్ లేని అణువుతోనే. మన ఫైళ్లలో కనిపించేదేమో పాఠ్యపుస్తకంలోని అల్యూమినియం క్వినోలిన్‌తోనో, బజారులో దొరికే ఎన్‌పీబీతోనో పెట్టిన పోలిక. వాటికంటే మెరుగని ఎంత చూపించినా లాభం లేదు, ఎగ్జామినర్ నేరుగా ఆ మిథైల్ లేనిదాన్నే తీసి ముందు పెడతారు.

రెండు డివైస్‌లూ ఒకే తీరుగా ఉండాలి. అదే ఐటీఓ గాజు, అవే పొరలు, అదే మందం, డోపెంట్ (పొరలో కొద్దిగా కలిపే వెలుగు అణువు) అదే శాతం, మారేది ఆ ఒక్క అణువు మాత్రమే. ఎమిషన్ పొర ఒకదాంట్లో 20 నానోమీటర్లు, ఇంకోదాంట్లో 30 ఉంటే తేడా అణువు వల్లనా, మందం వల్లనా అన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు ఉండదు. పట్టికలో ఒక వరుస పాత అణువుకు, దాని కింద మీవి. నిలువు గళ్లలో వోల్టేజి, కరెంట్ ఎఫిషియన్సీ, బయటి క్వాంటమ్ సామర్థ్యం, సీఐఈ రంగు విలువలు, ఆయుష్షు. ఆయుష్షు అంటే వెలుగు మొదటిదానిలో 95 శాతానికి పడిపోవడానికి పట్టిన గంటలు, ఎంత వెలుగు దగ్గర మొదలుపెట్టారో కూడా రాయాలి. నీలం పదార్థమైతే ఈ చివరి గడి ఖాళీగా వదలొద్దు, ఈ రంగంలో నీలానికి ఉన్న పెద్ద కష్టమే ఆయుష్షు కాబట్టి. కొంచెం మెరుగైనా నిజాయితీగా రాయండి, అన్ని గళ్లలోనూ గెలవాల్సిన పని లేదు, ఒకదాంట్లో స్పష్టంగా, ఊహించని విధంగా గెలిస్తే వాదన నిలబడుతుంది.

“మాకు వాక్యూమ్ ఎవాపరేటర్ లేదు సార్, గ్లవ్ బాక్స్ లేదు, డివైస్ ఎలా చేయాలి” అంటారు. నిజమే, మన దగ్గర చాలా ల్యాబుల్లో అణువు వరకే వసతి ఉంది. బెంగళూరు లాంటి చోట ఉన్న వసతులకు పంపి చేయించుకోవాలి, పంపేముందు గోప్యత ఒప్పందం మీద సంతకాలు కావాలి, పాత అణువునూ కొత్తదాన్నీ కలిపే పంపాలి. బ్రోకర్‌కు పోసే డబ్బు ఇక్కడ పెట్టండి. గాసియన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో లెక్కగట్టిన విలువలు మాత్రమే పెట్టి, అణువు చేయకుండానే క్లెయిము వేసేవాళ్లకు సెక్షన్ 10(4) కింద వివరణ చాల్లేదన్న అభ్యంతరం వచ్చే ప్రమాదం ఎక్కువ.

క్లెయిముల దగ్గర రెండు మూడు జాగ్రత్తలు. మూడు అణువులు చేసి మూడు లక్షల అణువులకు హక్కు అడిగితే తగ్గించమంటారు, తగ్గించుకోవడానికి మధ్య మెట్లు ముందే రాసి ఉండాలి: పెద్ద ఫార్ములా, దాని లోపల ఇంకా చిన్న సమూహం, దాని లోపల మీరు చేసిన అణువులు పేరుపేరునా. చట్రం ఒకటే కాకుండా రెండు మూడు వేరువేరు చట్రాలు ఒకే దరఖాస్తులో కుక్కితే ఇవి వేరువేరు ఆవిష్కరణలు, విడదీయండి అంటారు. “ఓఎల్‌ఈడీలో ఫలానా అణువు వాడకం” అనే క్లెయిము మన దేశంలో చెల్లదు, ఆ అణువు ఉన్న డివైస్ అని రాయండి. హోస్ట్ (డోపెంట్‌ను పట్టి ఉంచే పదార్థం), డోపెంట్ మిశ్రమానికి అడుగుతుంటే వట్టి కలయికకు పేటెంట్ ఇవ్వొద్దనే సెక్షన్ 3(ఇ) వస్తుంది, విడివిడిగా ఎంత, కలిపితే ఎంత అన్నది కూడా పట్టికలో ఉండాలి.

రిపోర్టు వచ్చాక

మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు, ఎఫ్‌ఈఆర్ అంటారు, చూడగానే చాలామందికి చెమటలు పడతాయి. కొత్తదనం లేదు, ఇన్వెంటివ్ స్టెప్ (ముందే తట్టని మెరుగు) లేదు, 3(డి), 10(4), 10(5), అన్నీ ఒకేసారి రాసి ఉంటాయి. ఇది తిరస్కరణ కాదు. అభ్యంతరాలు లేకుండా నేరుగా ఒప్పుకునేది చాలా అరుదు. “రిజెక్ట్ అయిపోయింది, ఇంకొంత కడితే లోపల మేనేజ్ చేస్తాం” అనే ఫోను సరిగ్గా ఈ టైంలోనే వస్తుంది, నమ్మొద్దు. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి, గడువు రిపోర్టు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలలు, ఆ ఆరు నెలలు పూర్తికాకముందే ఫారం 4 పెడితే ఇంకో మూడు నెలలు ఇస్తారు. జవాబు ఇవ్వకుండా వదిలేస్తే దరఖాస్తు వదిలేసినట్టే. విదేశాల్లో కూడా వేసి ఉంటే రిపోర్టు వచ్చిన మూడు నెలల్లోపు ఫారం 3 మళ్లీ ఇవ్వాలి.

జవాబులో మీ బలం ఆ పట్టికే. ఎగ్జామినర్ చూపించిన అణువు, మీరు పోల్చిన అణువు ఒకటే అయితే సగం టెన్షన్ తగ్గినట్టే, ఫలానా పేజీ, ఫలానా వరుస అని చూపిస్తే చాలు. ఆయన ఇంకా దగ్గరిది తెస్తే, స్పెసిఫికేషన్‌లో మీరు ముందే చెప్పిన లాభాన్ని బలపరచడానికి కొత్త కొలతలు అఫిడవిట్‌తో ఇవ్వొచ్చు, ఒప్పుకోవడం కంట్రోలర్ (నిర్ణయం తీసుకునే పేటెంట్ ఆఫీసు అధికారి) చేతిలో ఉంటుంది. అసలు స్పెసిఫికేషన్‌లో ఊసే లేని లాభాన్ని అప్పుడు తెచ్చి నిలబెట్టడం చాలా కష్టం. అందుకే ఆ 160 రూపాయల పేజీ తీసేయొద్దన్నది.

తర్వాత హియరింగ్ పెట్టొచ్చు. అది వీడియోలోనే జరుగుతుంది, మీ డిపార్ట్‌మెంట్ గదిలో కూర్చుని మాట్లాడొచ్చు, ఇంగ్లిష్ తడబడినా ఫరవాలేదు, అణువు చేసింది మీరు, దాని గురించి మీకంటే బాగా చెప్పగలిగేవాళ్లు లేరు. అయ్యాక 15 రోజుల్లోపు రాతపూర్వకంగా వాదన పంపాలి. మాట్లాడాం కదా సరిపోతుందిలే అని ఇది మరిచిపోవద్దు.

త్వరగా తేలాలంటే ఫారం 18ఎ ఉంది, విడి వ్యక్తులకూ విద్యాసంస్థలకూ 8,000. అందరికీ ఇవ్వరు. దరఖాస్తుదారులంతా విడి వ్యక్తులై, వాళ్లలో కనీసం ఒక మహిళ ఉంటే అర్హత ఉంటుంది, చట్టం ద్వారా ఏర్పడ్డ ప్రభుత్వ యూనివర్సిటీలకూ ఉంటుంది. అంటే శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీలు, జేఎన్‌టీయూ అనంతపురం తమ పేరు మీదే అడగొచ్చు. చాలా డిపార్ట్‌మెంట్లకు ఈ సంగతి తెలియదు, మీ ఐపీఆర్ సెల్ (యూనివర్సిటీలో పేటెంట్ల పని చూసే విభాగం) వాళ్లకు చెప్పండి. డివైస్ డేటా చేతిలో లేకుండా మాత్రం దీని జోలికి పోవద్దు, రిపోర్టు త్వరగా వస్తుంది, జవాబు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

పేటెంట్ ఇచ్చినట్టు గ్రాంట్ ఉత్తరం వస్తే హక్కు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, కానీ మూడో ఏడు నుంచి రెన్యూవల్ ఫీజు ఉంటుంది. గ్రాంట్ వచ్చేసరికి గడిచిపోయిన ఏళ్ల ఫీజు అంతా కలిపి, రిజిస్టర్‌లో ఎక్కిన తేదీ నుంచి మూడు నెలల్లోపు కట్టాలి, అదనపు రుసుముతో ఇంకో ఆరు నెలల వరకు పొడిగించుకోవచ్చు. ఈ ఫీజు ఎవరు కట్టాలో, యూనివర్సిటీయా గైడా స్కాలరా, దరఖాస్తు వేసే రోజే కాగితం మీద రాయించుకోండి. అప్పటికి స్కాలర్ ఎక్కడో ఉద్యోగంలో ఉంటారు, గైడు రిటైరై ఉండొచ్చు, ఉత్తరం ఎవరూ తెరవని ఈమెయిల్‌కు వస్తుంది.